మడి ఎక్కడ ఆగింది, జబ్బు ఎక్కడ మొదలైంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మగారికి 62 ఏళ్ళు, హైదరాబాద్ నల్లకుంటలో మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు, మొదటి నుంచీ మడి, ఆచారం పాటించిన మనిషి. నాన్నగారు పక్షవాతం వచ్చి రెండేళ్ళు మంచాన ఉంటే మలమూత్రాలు ఎత్తడంతో సహా అన్నీ ఆవిడే చేశారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు రోజుకు నాలుగైదు స్నానాలు, ఒక్కో స్నానం గంటసేపు, పనమ్మాయి తోమిన గిన్నెలన్నీ మళ్ళీ రెండుసార్లు కడుక్కోవడం, లిఫ్ట్ బటన్ తగిలితే చీర మార్చుకోవడం, బయటి నుంచి వచ్చిన ప్రతివాళ్ళనీ "దేన్నీ ముట్టుకోలేదుగా" అని పదేపదే అడగడం. మీ పద్నాలుగేళ్ళ పాపను నెలసరి రోజుల్లో హాల్లోకి కూడా రానివ్వడం లేదు. ఇది భక్తా జబ్బా, మతమంతా మానసిక జబ్బే అని మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ అన్నాడట నిజమేనా, ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి అని మూడు విషయాలు అడిగారు.

క్లినికల్ సైకాలజిస్టుగా ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఇలాంటి కుటుంబాలతో పనిచేస్తున్నాను కాబట్టి దాచకుండా చెప్తాను. మడి జబ్బు కాదు. కానీ మీ అమ్మగారు ఇప్పుడు పడుతున్నది మడి కాదు, ఓసీడీ అనే మానసిక జబ్బులా ఉంది, అంటే వద్దన్నా వచ్చే అనుమానం, ఆపలేక మళ్ళీ మళ్ళీ చేసే పని. ఈ రెండూ ఒకేసారి నిజం. ఇళ్ళల్లో సాధారణంగా ఏదో ఒకదాన్నే పట్టుకుంటారు. కొడుకులు "అంతా మూఢనమ్మకం" అని ఆవిడతో వాదనకు దిగుతారు, చుట్టాలేమో "పెద్దావిడ ఆచారం, పోనివ్వండి" అంటారు, ఈలోపు ఆవిడ చేతులు నీళ్ళలో నాని పగిలిపోతుంటాయి.

అసలు అశుచి అంటే ఏమిటో కొంచెం చూడాలి, ఎందుకంటే "మన పెద్దవాళ్ళు క్రిముల సంగతి అప్పుడే తెలుసుకుని ఈ నియమాలు పెట్టారు" అన్న మాట కోవిడ్ తర్వాత మరీ ఎక్కువైంది, అది నేను ఒప్పుకోను. మీ ఇంట్లోనే చూడండి. ఏళ్ళ తరబడి ఉతకని పట్టుచీర మడికి పనికొస్తుంది. ఇప్పుడే వాషింగ్ మెషీన్‌లోంచి తీసిన నూలుచీరను మీరు ముట్టుకుంటే అది మడికి పనికిరాదు. క్రిముల లెక్కయితే ఇది తిరగబడి ఉండాలి. మేరీ డగ్లస్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1966లో ప్యూరిటీ అండ్ డేంజర్ అనే పుస్తకంలో ఈ ఆరోగ్య సూత్రాల వాదాన్నే తోసిపుచ్చింది. ఆమె చెప్పింది ఏమిటంటే, మురికి అనేది ఉండకూడని చోట ఉన్న వస్తువు. చెప్పులు గుమ్మం బయట ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు, కడిగి తుడిచిన చెప్పులైనా సరే అన్నం పళ్ళెం పక్కన పెడితే ఒళ్ళు జలదరిస్తుంది. తలలో పూలతో పాటు ముచ్చటగా ఉన్న వెంట్రుక పప్పులో వస్తే ముద్ద దిగదు. అంటే ప్రతి సమాజం కొన్ని గీతలు గీసుకుంటుంది, లోపలిది బయటిది, తినేది తినకూడనిది, బతికినవాళ్ళు చనిపోయినవాళ్ళు. ఆ గీతను దాటిందల్లా అశుచి అవుతుంది. బైబిల్ పాత నిబంధనలో లేవీయకాండం 11వ అధ్యాయం పందిని ఎందుకు నిషేధించిందంటే డెక్క చీలి ఉంది కానీ నెమరు వేయదు, అంటే ఏ గుంపులోకీ సరిగా రాదు, అని ఆమె అప్పట్లో వివరించింది. (ఆ వివరణను తర్వాత ఆమే మార్చుకుంది, కానీ గీత అనే అసలు ఆలోచన నిలబడింది.)

ఈ గీతల్లో అన్నిటికంటే సున్నితమైనది మన శరీరం అంచు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే సైకాలజిస్టు 1955లో ఒక చిన్న పరీక్ష చెప్పాడు: నోట్లో ఉన్న ఉమ్మి మింగండి, ఇబ్బందేమీ లేదు. అదే ఉమ్మిని గ్లాసులో ఊసి తాగమంటే? మనది మనకే ఎంగిలైపోతుంది. జూలియా క్రిస్తెవా అనే ఫ్రెంచ్ మనోవిశ్లేషకురాలు 1980లో దీని మీద పెద్ద పుస్తకమే రాసింది. రక్తం, చీము, మలం, శవం, ఇవన్నీ నిన్నటిదాకా "నేను" అన్నదాంట్లో భాగమై ఉండి ఇప్పుడు బయటపడ్డవి, అందుకే వాటిని చూస్తే "నేను" అన్నదే కదిలిపోతుంది అంటుంది. ఆవిడ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి పాల మీద కట్టే పొర, అది పెదవికి తగిలితే తనకు వాంతి వచ్చేంత వెగటు అని రాసింది. మన ఇళ్ళల్లో ఆ మీగడే రోజూ తీసి దాచి వెన్న చిలుకుతారు, పిల్లలు దానికోసం పోట్లాడుకుంటారు. కాబట్టి అంచు అనేది మనుషులందరికీ ఉంటుంది, అది ఎక్కడ ఉండాలన్నది మాత్రం పెరిగిన ఇల్లు నేర్పుతుంది అని నా నమ్మకం, క్రిస్తెవా మీగడ దగ్గర కొంచెం తొందరపడింది.

ఇంకొకటి, అశుచి అంటుకుంటుంది. తాకినదాన్ని తాకినా చాలు. ఇది పల్లెటూరి నమ్మకం అనుకోకండి. పాల్ రోజిన్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 1986లో ప్రచురించిన ప్రయోగాల్లో, చచ్చిన బొద్దింకను పూర్తిగా క్రిములు లేకుండా చేసి జ్యూస్‌లో ముంచి తీస్తే, అందులో ప్రమాదం ఏమీ లేదని తెలిసి కూడా అమెరికాలో చదువుకునే విద్యార్థులు ఆ జ్యూస్ తాగడానికి ఇష్టపడలేదు. ఒక్కసారి తగిలితే ఎప్పటికీ తగిలినట్టే, మనసు ఇలాగే పనిచేస్తుంది, ఎవరిదైనా సరే. మరి ఈ లెక్కన లోకంలో ముట్టుకోదగ్గ వస్తువే మిగలదు కదా?

ఇక్కడే మతం చేసిన అసలు పని ఉంది, దీన్ని సైకాలజీ పుస్తకాలు సరిగ్గా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. మతం అశుచికి ఒక గడువు పెట్టింది. గ్రహణం వస్తే పట్టుస్నానం ఉంటుంది, విడుపుస్నానం కూడా ఉంటుంది. దగ్గరి జ్ఞాతులు పోతే మైల పది రోజులు, దూరపువాళ్ళయితే మూడు, ఇంకా దూరమైతే వార్త తెలిశాక స్నానం చేస్తే సరి. పురుటికి ఇన్ని రోజులు, ముట్టుకు ఇన్ని రోజులు, పుణ్యాహవాచనం చేసి ఇంట్లో నీళ్ళు చల్లితే ఇల్లు శుద్ధి. ఆ తర్వాత "ఇంకా ఉందేమో" అని అడిగే హక్కు ఎవరికీ లేదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో అయితే మూడింటిని పవిత్రమని చెప్పారు: అశుద్ధి కంటికి కనబడనిది, నీళ్ళతో కడిగినది, మంచిదని మాటతో చెప్పినది. కనబడకపోతే శుద్ధమే, వెతకొద్దు అని! ఆ పక్కనే చేతిపనివాడి చెయ్యి ఎప్పుడూ శుద్ధమే, అమ్మకానికి పెట్టిన సరుకూ శుద్ధమే అని కూడా ఉంది. నియమాలు రాసినవాళ్ళకు తెలుసు, అనుమానానికి తలుపు తెరిస్తే మనిషి బతకలేడని. (ఈ పుస్తకాన్నే అంబేద్కర్ 1927 డిసెంబర్ 25న మహారాష్ట్రలోని మహాడ్‌లో ఎందుకు తగలబెట్టారన్నదీ ఇదే ప్రశ్నకు సంబంధించిందే, కింద వస్తాను.)

పాతబస్తీ నుంచి నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఇదే కథ వేరే మాటల్లో ఉంటుంది. నమాజుకు ముందు వుజూ (ముఖం, కాళ్ళు చేతులు కడుక్కునే శుద్ధి) చేసి, సరిగ్గా అయిందో లేదో అని మళ్ళీ చేసి, బట్ట మీద నాపాక్ (అశుద్ధమైన) చుక్క పడిందేమో అని మళ్ళీ మార్చి, జమాత్ (అందరూ కలిసి చేసే నమాజు) అయిపోయేదాకా కుళాయి దగ్గరే ఉండిపోతారు. ఇస్లామీయ సంప్రదాయంలో దీనికి వస్వసా అని ఎప్పటినుంచో పేరుంది. చప్పుడు వినబడితేనో వాసన వస్తేనో తప్ప, ఊరికే అనుమానంతో నమాజు వదిలి వెళ్ళొద్దని హదీసు, అంటే ప్రవక్త మాట, ఉంది. సందేహం వల్ల నిశ్చయం పోదు అన్నది వాళ్ళ ధర్మశాస్త్రంలో ఒక మూలసూత్రం. కాథలిక్కులకూ ఈ బాధ తెలుసు, ఇగ్నేషియస్ లొయోలా లాంటి సాధువే దీన్ని అనుభవించాడు. అంటే ప్రతి మతమూ తన నియమాన్ని పాటించమంటూనే, నియమం దాటి పరిగెత్తే అనుమానాన్ని విడిగా గుర్తుపట్టింది. మీ అమ్మగారి విషయంలో నేను అడిగే ప్రశ్న కూడా ఇదొక్కటే: ఆవిడ మైల ఎప్పుడు తీరుతుంది? ఆవిడ చెప్పగలిగితే అది ఆచారం. మీరు రాసినదాని ప్రకారం ఆవిడ చెప్పలేరు.

ఇక ఫ్రాయిడ్. 1907లో అబ్సెసివ్ పనులు, మతాచారాలు అన్న చిన్న వ్యాసం రాశాడు. అందులో అబ్సెషనల్ న్యూరోసిస్‌ను (ఇప్పటి ఓసీడీకి అప్పటి పేరు) ఒక మనిషి తనకోసం తయారుచేసుకున్న మతంగా, మతాన్ని అందరికీ ఉన్న అబ్సెషనల్ న్యూరోసిస్‌గా చూడొచ్చన్నాడు. జనం ఈ ఒక్క వాక్యాన్నే పట్టుకు తిరుగుతారు. అదే వ్యాసంలో తేడాలు కూడా రాశాడు: రోగి చేసే తంతు ఒంటరిది, మనిషి మనిషికీ మారేది, మతంలోది నలుగురితో చేసేది, మారనిది. ఆ తేడా చిన్నది అనుకున్నాడు ఫ్రాయిడ్. నాకు మాత్రం అదే అన్నిటికంటే పెద్దది. పది మంది కలిసి చేసే తంతులో "చాలు" అని చెప్పేవాడు ఒకడుంటాడు, పురోహితుడో, ఇంటి పెద్దో, ఎవరో ఒకరు. ఒంటరి తంతులో "చాలు" అనే గొంతు ఉండదు.

అయితే ఫ్రాయిడ్ చూసిన ఒక విషయాన్ని వదులుకోలేం. 1912, 1913లలో టోటెమ్ అండ్ టాబూ రాసినప్పుడు ఆయన వేసిన ప్రశ్న: ఎవరికీ ఇష్టం లేని పనిని నిషేధించాల్సిన అవసరం ఏముంది? గట్టి నిషేధం ఉన్నచోట గట్టి కోరిక ఉంటుంది, రెండూ కలిసి ఉంటాయి. చనిపోయినవాళ్ళ చుట్టూ అన్ని జాతుల్లోనూ ఇంత భయం, ఇన్ని నియమాలు ఎందుకంటే, మనం ఎంత ప్రేమించినవాళ్ళ మీదైనా లోపలెక్కడో కోపం కూడా ఉంటుంది, వాళ్ళు పోయాక ఆ కోపాన్ని ఒప్పుకోలేక దాన్ని బయటికి నెట్టేస్తాం, అది శవం దగ్గరి ప్రమాదంగా తిరిగొస్తుంది అన్నాడు. వియన్నాలో కూర్చుని ఎక్కడెక్కడి తెగల గురించో పుస్తకాలు చదివి రాసిన భాగం చాలావరకు నిలబడలేదు, మానవశాస్త్రవేత్తలు కొట్టిపారేశారు, "ఆదిమ మానవుడు, పిల్లవాడు, రోగి ఒక్కలాగే ఆలోచిస్తారు" అన్న మాటను ఈ రోజు ఎవరూ సమర్థించరు. కానీ ఒకే మనిషి మీద ప్రేమా కోపమూ కలిసి ఉంటాయి, అది అనుమానంగా, తంతుగా బయటపడుతుంది అన్నది నేను క్లినిక్‌లో రోజూ చూస్తున్నదే. 1909లో ఆయన ప్రచురించిన కేసులో ఒక యువకుడు, తను ప్రేమించిన ఆమె బండి వస్తుందని దారిలో ఉన్న రాయిని తీసి పక్కన పెడతాడు, తగిలి దెబ్బ తగులుతుందేమోనని. కాసేపటికి అది అర్థంలేని పని అనిపించి వెనక్కి వెళ్ళి ఆ రాయిని మళ్ళీ దారి మధ్యలోనే పెడతాడు. కాపాడటమూ, దెబ్బ తగలనివ్వడమూ, రెండూ ఒకే చేత్తో. 1926లో దీనికి ఆయన ఇచ్చిన వివరణ, జరిగినదాన్ని జరగనట్టు చేయాలనే ప్రయత్నం అని. కడగడం కంటే దీనికి బాగా సరిపోయే పని ఏముంది?

ఇప్పుడు మీ అమ్మగారి దగ్గరకు వస్తాను. మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది: నాన్నగారు మంచాన ఉన్న రెండేళ్ళూ ఆవిడకు ఏ మడీ అడ్డం రాలేదు. అంత ఆచారం ఉన్న మనిషి ఆ రెండేళ్ళూ అన్నీ ముట్టుకున్నారు, వేళకు తిన్నారో లేదో, రాత్రుళ్ళు ఎన్నిసార్లు లేచారో. రోగి దగ్గర అంతకాలం గడిపినవాళ్ళలో చాలామందికి ఏదో ఒక రాత్రి "ఇది ఇక అయిపోతే బాగుండు" అనిపిస్తుంది. అది పాపం కాదు, అలసట. కానీ ఆ తర్వాత నిజంగానే మనిషి పోతే, ఆ ఒక్క క్షణపు ఆలోచనే చేసిన నేరంలా మిగిలిపోవచ్చు. మీ అమ్మగారి విషయంలో ఇదే జరిగిందని నేను అనను, ఆవిడను చూడకుండా ఎవరూ అనలేరు. ఇది ఒక అవకాశం మాత్రమే. దయచేసి ఇది చదివి వెళ్ళి ఆవిడకు చెప్పకండి, "నాన్న పోవాలని అనుకున్నావా" అని ఎవరూ అడగకండి, దానికంటే క్రూరమైన మాట ఇంకొకటి ఉండదు. మీరు చేయగలిగింది, ఆ రెండేళ్ళ గురించి ఆవిడ మాట్లాడితే మధ్యలో "నువ్వు చాలా గొప్పగా చేశావమ్మా" అని కూడా ఆపకుండా వినడం. పొగడ్త కూడా నోరు మూయించేస్తుంది.

స్టాన్లీ రాచ్‌మన్ అనే సైకాలజిస్టు 1990లలో ఒక తేడా చూపించాడు, అది ఇక్కడ పనికొస్తుంది. కొందరికి వచ్చే అశుచి భావనకు బయటి వస్తువుతో సంబంధమే ఉండదు, ఒక జ్ఞాపకం, ఒక అవమానం, ఒక ఆలోచన వల్ల లోపల మలినమైనట్టు ఉంటుంది, ఎంత కడిగినా పోదు, ఎందుకంటే కడుగుతున్న చోట అది లేదు. ఉప్పునీళ్ళు తాగినకొద్దీ దాహం పెరిగినట్టు, కడిగినకొద్దీ పెరుగుతుంది. (తప్పు చేసిన జ్ఞాపకం వస్తే ఎవరికైనా చేతులు కడుక్కోవాలనిపిస్తుందని 2006లో ఒక ప్రయోగం బాగా పేరు తెచ్చుకుంది, వాట్సాప్‌లో మీకూ వచ్చి ఉంటుంది. తర్వాత వేరేవాళ్ళు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు, దాని మీద ఆధారపడకండి. రాచ్‌మన్ చెప్పింది వేరు, అది రోగులను చూసి చెప్పింది.)

పనమ్మాయి తోమిన గిన్నెల సంగతి నేను విడిగా రాయాలి, ఎందుకంటే మీరు దాన్ని జబ్బు లక్షణాల జాబితాలో మామూలుగా కలిపేశారు. మనుస్మృతి అదే అయిదో అధ్యాయంలో, ఎవరిని తాకితే స్నానం చేయాలో ఒక జాబితా ఉంది: చండాలుడు, ముట్టులో ఉన్న స్త్రీ, పతితుడు, బాలింత, శవం. ఒకే శ్లోకంలో అందరూ. తాకినవాడికి స్నానంతో శుద్ధి. ముట్టులో ఉన్న స్త్రీకి కొన్ని రోజుల్లో తీరుతుంది, బాలింతకు తీరుతుంది. చండాలుడికి? ఎప్పటికీ తీరదు, పుట్టుకతో వచ్చి చావుతో కూడా పోదు. విడుపు లేని మైల అంటే ఇదే. మైలకు గడువు పెట్టడం మతం చేసిన మంచి పని అని పైన రాశాను, ఆ మంచి పనిని కొందరు మనుషులకు మాత్రం కావాలనే ఆపేశారు, తరతరాలుగా. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగితే, ఆ తర్వాత ఊరి పెద్దకులాలవాళ్ళు పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కుండలతో పోసి చెరువును "శుద్ధి" చేశారు. చెరువుకు శుద్ధి దొరికింది, మనుషులకు దొరకలేదు. మన ఊళ్ళోనే 1906లో జగన్మిత్ర మండలి పెట్టి భాగ్యరెడ్డి వర్మ జీవితమంతా పోరాడింది ఈ శాశ్వతపు మైల మీదే. జాషువా దళితుడి మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపింది, గుళ్ళోకి మనిషికి లేని దారి గబ్బిలానికి ఉంది కాబట్టే. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, అయినా పనివాళ్ళకు వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు ఈ రోజుకీ ఈ నగరంలో ఉన్నాయి, వాళ్ళెవరికీ ఓసీడీ లేదు.

కాబట్టి కులాన్ని జబ్బు అనొద్దు, అలా అంటే చేసినవాళ్ళ బాధ్యత మాయమైపోతుంది. అలాగే అమ్మగారి జబ్బును "కులపిచ్చి" అని తిట్టొద్దు. జబ్బు తనకు కావలసిన సామాను ఇంట్లో ఉన్నవాటిలోంచే తీసుకుంటుంది, మీ ఇంట్లో పనమ్మాయి చేయి మైల అన్న భావన ముందునుంచీ ఉంది, జబ్బు వచ్చి దాన్ని పెద్దది చేసింది. ముందు ఎంత ఉండేదో మీరే గుర్తు తెచ్చుకోండి: గిన్నెలు తోమాక ఆవిడ నీళ్ళు చల్లుకుని లోపల పెట్టుకునేవారా, పనమ్మాయికి వేరే గ్లాసు ఉండేదా? అది డాక్టరు నయం చేసేది కాదు, మీ కుటుంబం మార్చుకోవలసింది. అమ్మగారు కోలుకునేదాకా ఆగాల్సిన అవసరం కూడా లేదు. తన కళ్ళముందే తను తోమిన గిన్నె మళ్ళీ కడుగుతుంటే ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరైనా అడిగారా? ఆమెతో మాట్లాడండి, ఇది అమ్మ అనారోగ్యమని, ఆమె చేతుల్లో ఏ లోపమూ లేదని స్పష్టంగా చెప్పండి.

చికిత్స గురించి. ముందు సైకియాట్రిస్టుకు చూపించండి. ఓసీడీ సాధారణంగా చిన్నవయసులోనే మొదలవుతుంది, ఎక్కువమందికి ఇరవైల లోపే. అందుకని ఆవిడకు పెళ్ళికి ముందు, పిల్లలు పుట్టినప్పుడు, ఇలాంటి రోజులు ఎప్పుడైనా వచ్చాయా అని మీ పిన్నినో మేనత్తనో అడగండి. ఎప్పుడూ లేదు, అరవై దాటాకే మొదలైంది అంటే మాత్రం న్యూరాలజిస్టు పరీక్ష కూడా తప్పకుండా చేయించాలి, మెదడులో వేరే కారణం ఉండొచ్చు, డిప్రెషన్ కూడా చూడాలి. మందులు వేస్తే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటివి ఇస్తారు, ఓసీడీకి అవి పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, డోసు డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ ఉండొచ్చు. మూడో వారంలో "ఏం తేడా లేదు" అని ఆపేసేవాళ్ళే ఎక్కువ, మీరు ఆపకండి. ప్రైవేటు ఖర్చు కష్టమైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆ పేరును మన ఊళ్ళో తిట్టుగా వాడతారు, అది విని వెనక్కి తగ్గొద్దు. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

మందులతోపాటు థెరపీ కావాలి. ఓసీడీకి బాగా పనిచేసేది ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, దానికి దారి వేసింది విక్టర్ మేయర్, లండన్‌లో, డగ్లస్ పుస్తకం వచ్చిన అదే 1966లో. భయపడే వస్తువును కొంచెం కొంచెంగా తాకించి, ఆ తర్వాత కడుక్కోకుండా ఆ టెన్షన్‌తో కూర్చోవడం నేర్పుతారు, కడగకపోయినా ఏమీ కాదని మనసు తనంతట తాను తెలుసుకుంటుంది. ఆచారం ఉన్న మనిషికి ఇది చేయించేటప్పుడు మతం వద్దన్నది చేయించకూడదు, ఆ అవసరమూ లేదు. శాస్త్రం అడిగినంత సరిపోతుంది. నేనైతే కుటుంబం నమ్మే పురోహితుడిని ఒక్కసారి కూర్చోబెట్టి, రోజుకు ఎన్ని స్నానాలు, ఎవరు తాకితే ఏమిటి, ఇంత వయసులో, ఒంట్లో బాగాలేనప్పుడు ఏ మినహాయింపులు ఉన్నాయి అని కాగితం మీద రాయించుకుంటాను. చాలామంది పురోహితులు ఈ విషయంలో మనం అనుకున్నదానికంటే ఉదారంగా ఉంటారు. అయితే ఒక్కసారే. మళ్ళీ మళ్ళీ ఆయనకు ఫోన్ చేసి అడగడం మొదలైతే అదీ ఒక కడుగుడే అవుతుంది.

ఇంట్లో మీరు చేస్తున్న పొరపాటు, అందరూ చేసేదే, ఆవిడ "ముట్టుకోలేదుగా" అన్న ప్రతిసారీ "లేదమ్మా" అని జవాబివ్వడం. ఆ జవాబు అయిదు నిమిషాలు పనిచేస్తుంది, ఆరో నిమిషంలో ప్రశ్న మళ్ళీ వస్తుంది. హఠాత్తుగా ఆపకండి. ఆవిడ ప్రశాంతంగా ఉన్న వేళ, మధ్యాహ్నం భోజనాలయ్యాక అనుకోండి, కూర్చుని ఒప్పందం చేసుకోండి: మొదటిసారి అడిగితే చెప్తాం, రెండోసారి అడిగితే "ఇది జబ్బు అడిగే ప్రశ్న, దీనికి జవాబు చెప్పను, నీ పక్కన కూర్చుంటాను" అంటాం అని. నిజంగానే పక్కన కూర్చోండి. కొందరు కొడుకులు "చూడు ముట్టుకున్నాను, ఏమైంది?" అని కావాలని దేవుడి గదిలో చేయి పెడతారు, బాత్‌రూమ్‌కు నీళ్ళు కట్టేస్తారు, ట్యాంకర్ బిల్లు చూపించి తిడతారు. ఇవి చేస్తే ఆవిడ నమ్మకం పోతుంది, చికిత్సకు ఒప్పుకునే రోజు ఇంకా దూరమవుతుంది.

చివరిగా మీ పాప సంగతి, అది మీరు ఆఖరి వాక్యంలో రాశారు కానీ నేను దాన్ని మొదట చేస్తాను. అమ్మగారు కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో పద్నాలుగేళ్ళ పిల్ల ప్రతిసారీ గదిలో కూర్చుని తన ఒళ్ళే ఒక తప్పు అని నేర్చుకోకూడదు. 2018లో శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, నెలసరి పేరుతో స్త్రీలను దూరం పెట్టడం కూడా 17వ అధికరణం వద్దన్న అంటరానితనంలాంటిదే అని రాశారు, ఆ తీర్పు మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, మీ ఇంటి హాలు మాత్రం గర్భగుడి కాదు. పాప హాల్లో కూర్చుంటుంది, అందరితో కలిసి తింటుంది, ఇది మీరూ మీ ఇంటాయనా కలిసి తీసుకోవలసిన నిర్ణయం, అమ్మగారికి మర్యాదగా, ముందుగా చెప్పండి. కావాలంటే ఆ నాలుగు రోజులు ఆవిడ గదిలోకి, దేవుడి గదిలోకి మాత్రం పాప వెళ్ళదని ఒప్పుకోండి, అది ఆవిడ నమ్మకానికి ఇచ్చే చోటు. మొదటి నెల ఆవిడ చాలా బాధపడతారు, ఏడుస్తారు, అన్నం మానేస్తానంటారు. థెరపిస్టుకు ముందే చెప్పి ఉంచండి, ఆ వారం అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. పాపకు విడిగా చెప్పండి, అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదని, అందులో తన తప్పు రవ్వంత కూడా లేదని. అది ఈ రోజే చెప్పండి.